జీపు రేడియేటరు ఎందుకు పొంగింది?

పొయ్యి మీద పాలు పొంగడం మీరందరూ చూసినదే. పక్క పొయ్యి మీద నీళ్లు ఎంత మరిగినా అలా పొంగిపోవు. కుతకుత ఉడికి, ఆవిరై, క్రమంగా తరిగిపోతాయి. మరి రేడియేటరులో ఉండేవి నీళ్లే కదా! అవెందుకు పొంగుతాయి?

ఎండాకాలంలో ఘాట్ రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన జీపునో, లారీనో మీరు చూసే ఉంటారు. రోడ్డు మీద నీటి మడుగు, ముందు భాగం నుంచి ఆవిరి. "ఇంజను మరిగిపోయింది" అంటారు చుట్టూ చేరినవాళ్లు. మరిగిందని వాళ్లకెలా తెలిసింది? పొంగింది గనుక! కాని పొంగినదల్లా మరిగినట్టేనా? ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పిన నేనే ఒకసారి పొరపాటు పడ్డాను. ఆ సంగతి మీకు చెప్పాలి.

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు అప్పుచేసి ఒక పాత జీపు కొన్నాడు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకులోయకు వెళ్లే ఘాట్ రోడ్డులో సంతలకు సరుకూ, మనుషులనూ చేరవేసి బతకాలని అతని ఆలోచన. అది నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి. మామూలు కారులో ఇంజను తిప్పేది రెండు చక్రాలనే. మిగిలిన రెండూ వాటితోపాటు దొర్లుతాయి. ఇటువంటి జీపులో అవసరమైనప్పుడు ఒక లీవరు వేస్తే నాలుగు చక్రాలూ తిరుగుతాయి. అందుకే బురదలోనూ, వాగులోనూ, రాళ్ల దారిలోనూ పోగలదు.

కొన్న వారానికే కష్టం మొదలైంది. బానెట్ కింద ఉండే ప్లాస్టిక్ బాటిల్ లోంచి కూలెంటు పొంగి కారిపోసాగింది. ఒక మెకానిక్కు రేడియేటరు మార్చమన్నాడు. మార్చాడు. పొంగడం ఆగలేదు. ఇంకొకరు థర్మోస్టాటు తీసి పారెయ్యమన్నారు. పారేశాడు. ఆగలేదు. మూడో మెకానిక్కు ఇంజను విప్పాలన్నాడు. అందుకు చెప్పిన మొత్తం వినేసరికి కుర్రవాడికి దిగులు పట్టుకుంది. ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందు బండి ఆపి, "మాస్టారూ, మీరొకసారి చూడండి" అన్నాడు.

ఏం చూశామో చెప్పేముందు, ఆ నీళ్లు అక్కడ ఏం చేస్తున్నాయో తెలుసుకుందాం.

ఇంజనుకు నీళ్లెందుకు?

ఇంజనులో డీజిలు మండేటప్పుడు వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుందని మీరు చదువుకున్నారు. మరి ఇంజను ఎందుకు కరిగిపోదు? సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీల్లో ద్రవం ఎడతెగకుండా ప్రవహిస్తూ వేడిని తీసుకుపోతుంది గనుక. ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని నడపడానికి పనికివస్తుంది. మరో మూడో వంతు పొగగొట్టం ద్వారా పోతుంది. ఇంచుమించు మిగిలినదంతా ఈ ద్రవమే మోసుకుపోవాలి.

ఒక పంపు ఈ ద్రవాన్ని ఇంజను నుంచి రేడియేటరుకు తోస్తుంది. రేడియేటరు అంటే సన్నని గొట్టాల వరుస. గొట్టాలకు పలుచని రేకులు అతికి ఉంటాయి. వాటి మధ్య నుంచి గాలి వీచి, ద్రవాన్ని చల్లబరుస్తుంది. బండి పోతున్నప్పుడు ఎదురుగాలి వస్తుంది. నిలబడినప్పుడు ఫ్యాను గాలి లాగుతుంది. దారిలో థర్మోస్టాటు అనే చిన్న ద్వారపాలకుడు ఉంటాడు. అందులో మైనం వంటి పదార్థం ఉంటుంది. సుమారు 82 డిగ్రీల దగ్గర అది కరిగి వ్యాకోచించి తలుపు తెరుస్తుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసే ఉంటుంది. అందువల్ల ఇంజను త్వరగా తగినంత వేడెక్కుతుంది. దాన్ని తీసి పారేస్తే జబ్బు నయం కాదు సరికదా, ఇంజను చల్లగానే నడిచి త్వరగా అరిగిపోతుంది.

ఈ ద్రవం వట్టి నీరైతే తుప్పు పట్టిస్తుంది. అందుకని ఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థాన్నీ, తుప్పును అడ్డుకొనే రసాయనాలనూ నీటిలో కలుపుతారు. ఆ మిశ్రమమే కూలెంటు. ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కాని విషం. కారిన కూలెంటును కుక్కలు నాకకుండా, చిన్నపిల్లలు ముట్టకుండా వెంటనే కడిగెయ్యాలి.

మూత చేసే రెండు పనులు

రేడియేటరు మూతను వట్టి బిరడా అనుకోకండి. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరుకు వెయిట్ పెడతారు కదా! లోపల పీడనం పెరుగుతుంది, దానితో నీటి మరుగుస్థానమూ పెరుగుతుంది. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. రేడియేటరు మూతలోని స్ప్రింగు చేసేదీ అదే. చాలా మూతల మీద 0.9 అని అంకె ఉంటుంది. అంటే బయటి గాలి పీడనం కన్నా లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోలు ఎక్కువయ్యే దాకా అది తెరుచుకోదు. ఆ పీడనం దగ్గర వట్టి నీరు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. గ్లైకాల్ కలిస్తే మరికొన్ని డిగ్రీలు ఆగుతుంది. 

సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయలో తెరిచిన గిన్నెలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కాబట్టి కొండలెక్కే బండికి మంచి మూత మరీ అవసరం.

రెండో పని ఇంకా చమత్కారమైనది. 20 డిగ్రీల దగ్గర 10 లీటర్లున్న నీటిని 90 డిగ్రీలకు వేడిచేస్తే సుమారు 340 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంటే ఒకటిన్నర గ్లాసులు! గ్లైకాల్ కలిసిన ద్రవం ఇంకొంచెం ఎక్కువే పెరుగుతుంది. ఈ పెరిగిన ద్రవం మూతను నెట్టుకొని, సన్నని గొట్టం గుండా పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్ లోకి పోతుంది. ఇంజను చల్లారినప్పుడు ద్రవం సంకోచించి, రేడియేటరులో పీడనం తగ్గుతుంది. అప్పుడు మూత మధ్యలో ఉన్న మరో చిన్న కవాటం తెరుచుకుంటుంది. బయటి గాలి పీడనం బాటిల్ లోని ద్రవాన్ని వెనక్కి నెడుతుంది. స్ట్రాతో మీరు కొబ్బరినీళ్లు తాగినప్పుడు జరిగేది కూడా ఇదే కదా!

అందుకే బాటిల్ మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలు ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు ద్రవం ఆ రెంటి మధ్యా ఉండాలి. ఎవరైనా ముచ్చటపడి మూతి దాకా నింపితే, పెరిగిన ద్రవానికి చోటుండక మొదటి ప్రయాణంలోనే కారిపోతుంది. అది జబ్బు కాదు.

నెట్టేవి మూడే

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ద్రవం తనంతట తాను బయటకు రాదు, ఏదో ఒకటి నెట్టాలి. నెట్టగలిగినవి మూడే.

ఒకటి, ద్రవం వ్యాకోచించడం. ఇది రోజూ జరిగేదే, దీనికి హద్దు ఉంది.

రెండు, ఆవిరి. ద్రవం నిజంగానే మరిగితే ఆవిరి బుడగలు ద్రవాన్ని బయటకు తోస్తాయి. వేడిని తీసెయ్యడంలో ఎక్కడో లోపం ఉందన్నమాట. లేదా మూత బలహీనపడి, తక్కువ పీడనానికే వదిలేస్తోందన్నమాట.

మూడు, పరాయి వాయువు. సిలిండరు దిమ్మకూ, పైనున్న హెడ్డుకూ మధ్య గాస్కెట్టు అనే పలుచని పొర ఉంటుంది. మంటను సిలిండరులోనూ, ద్రవాన్ని దాని దారిలోనూ ఉంచే సరిహద్దు గోడ అదే. మండే వాయువుల పీడనం వాతావరణ పీడనానికి యాభై అరవై రెట్లు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. గాస్కెట్టు ఎక్కడైనా కాలి చిన్న సందు పడితే ఆ వాయువు ద్రవంలోకి దూసుకొస్తుంది. అప్పుడు ద్రవం మరగకుండానే పొంగుతుంది!

ఈ మూడింటిలో ఏది దోషి? చూడడానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. కాని "ఎప్పుడు పొంగింది?" అని అడిగితే అవి విడిపోతాయి.

బండి నిలబడినప్పుడో, నెమ్మదిగా పోతున్నప్పుడో వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే, గాలి చాలడం లేదు. ఫ్యాను బెల్టు వదులై ఉండవచ్చు. జీపులకు మరో చిక్కు ఉంది. బురదలో నాలుగు చక్రాల లీవరు వేసి, చిన్న గేరులో పోతున్నప్పుడు ఇంజను జోరుగా తిరుగుతుంది కాని, బండి నడకవేగంతో పోతుంది. ఎదురుగాలి ఉండదు. పైగా చిమ్మిన బురద రేడియేటరు రేకుల మధ్య ఎండి, గాలి దారిని మూసేస్తుంది.

వేగంగా పోతున్నప్పుడో, బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడో మాత్రమే పొంగితే, ద్రవం సరిగా ప్రవహించడం లేదని అనుమానించాలి. థర్మోస్టాటు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. పంపు అరిగి ఉండవచ్చు. ఉప్పునీటి బావి నీళ్లు పోస్తూ వచ్చిన బండి అయితే రేడియేటరు గొట్టాల్లో తెల్లని పొర కట్టి ఉండవచ్చు. వేన్నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే పొర ఉందే, అదే ఇది.

ఇంజను ఆపిన కొద్దిసేపటికి పొంగితే? పంపు ఆగిపోయింది కాని ఇంజను ఇనుములో వేడి ఇంకా ఉంది. కదలని ద్రవం ఆ వేడికి మరుగుతుంది. అందుకే ఘాట్ ఎక్కిన డ్రైవర్లు వెంటనే ఇంజను ఆపకుండా కాసేపు ఖాళీగా తిరగనిస్తారు.

చల్లారిన తరువాత కూడా బాటిల్ నిండుగానే ఉండి, రేడియేటరులో తరిగిపోతే, వెనక్కి లాగే దారి చెడింది. మూతలోని చిన్న కవాటమో, సన్నని గొట్టమో చూడాలి.

పొద్దున్న స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే, ఇంకా వేడెక్కకుండానే పొంగితే, అది ఆవిరి పని కాదు. మూడో దోషినే పట్టుకోవాలి.

నా పొరపాటు

ఇంత తెలిసిన నేను ఆ ఆదివారం ఏం చేశానో చూడండి. బండి చల్లారాక మూత తీశాను. దాని రబ్బరు ఎండి, పగుళ్లు పట్టి ఉంది. "ఇదేరా నీ దొంగ!" అన్నాను గర్వంగా. కుర్రవాడు ఏదో చెప్పబోయాడు. "ఘాట్ మొదలవకముందే పొంగుతోంది మాస్టారూ" అన్నాడు. నేను వినిపించుకోలేదు. చేతిలో పగిలిన రబ్బరు కనబడుతుంటే ఇంకా వినడమెందుకు?

కొత్త మూత వచ్చింది. మూడో రోజున కుర్రవాడూ వచ్చాడు. పొంగడం తగ్గలేదు. పైగా ఇప్పుడు రేడియేటరు పై గొట్టం రాయిలా బిగుసుకుంటోందట! నాకు సిగ్గనిపించింది. ఇద్దరు మెకానిక్కులు చేసిన పనే నేనూ చేశాను. కంటికి కనబడిన లోపాన్ని కారణం అనుకున్నాను. మూత చెడిపోయిన మాట నిజమే. కాని జబ్బుకు కారణం అది కాదు.

"బండి ఇక్కడే వదిలెయ్యరా, రేపు పొద్దున్న మొదటినుంచి మొదలుపెడదాం" అన్నాను. ఈసారి నోటుపుస్తకం తీసుకున్నాను.

రాత్రంతా చల్లారిన ఇంజనును పొద్దున్న ఆరు గంటలకు స్టార్టు చేయించాను. రెండు నిమిషాలకు ఆపించి, ఫ్యానుకు దూరంగా పై గొట్టాన్ని పట్టుకొని చూశాం. ఇంకా గోరువెచ్చగా కూడా లేదు. కాని గట్టిగా ఉబ్బి ఉంది. వేడి లేనప్పుడు ఆవిరి లేదు. రెండు నిమిషాల్లో ద్రవం అంతగా వ్యాకోచించదు. మరి ఆ పీడనం ఎక్కడిది?

గొట్టం మెత్తబడే దాకా ఆగి, మూత నెమ్మదిగా తీసి, మళ్లీ స్టార్టు చేశాం. ద్రవంలో బుడగలు లేచాయి. ఎక్కడో చిక్కుకున్న గాలి అయితే కాసేపటికి ఆగిపోవాలి. అవి ఆగలేదు.

ఇంకొక సాక్ష్యం కావాలనిపించింది. మండిన ఇంధనం నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బ్రోమోథైమాల్ బ్లూ అనే నీలిరంగు ద్రావణంలోకి ఆ వాయువు పోతే ఆమ్లం ఏర్పడి రంగు మారుతుంది. మీరు ఉమ్మిగాలి ఊది సున్నపుతేటను పాలలా మార్చే ప్రయోగానికి ఇది చుట్టమే. బడి ప్రయోగశాల నుంచి ఆ ద్రావణం తెచ్చాను. మొదట రబ్బరు బల్బుతో వరండాలోని గాలిని పీల్చి దాని గుండా పంపాం. నీలం నీలంగానే ఉంది. తరువాత రేడియేటరు మూతి దగ్గర, ద్రవం పైనున్న గాలిని పంపాం. ఆరేడుసార్లకు నీలం ఆకుపచ్చ అయింది. ఇంకాసేపటికి పసుపు ఛాయ వచ్చింది.

వరండా గాలితో ముందుగా ఎందుకు పరీక్షించామో గ్రహించారా? రంగు మారడానికి కారణం మామూలు గాలి కాదని తేల్చుకోవాలి కదా! మరొక మాట. డీజిలు ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు ఈ వాయువు తక్కువగానే వస్తుంది. కాబట్టి రంగు మారితే అనుమానం బలపడుతుంది. మారకపోతే మాత్రం గాస్కెట్టు బాగుందని ఒట్టు వెయ్యలేం.

కుర్రవాడు కాసేపు ఆ పరీక్షనాళిక వంకే చూస్తూ ఉండిపోయాడు. "అయితే ఇంజను విప్పాల్సిందేనా మాస్టారూ?" అన్నాడు. విప్పాల్సిందే. మూడో మెకానిక్కు చెప్పింది నిజమే. కాని ఎందుకు విప్పాలో ఆయన చెప్పలేదు, కుర్రవాడు అడగలేదు. ఈసారి అడగడానికి అతని దగ్గర మాటలున్నాయి. "ఇంజను మొత్తం వద్దు, హెడ్డు తీసి గాస్కెట్టు చూడండి" అన్నాడు. చూస్తే రెండో సిలిండరు అంచు నుంచి నీటిదారి దాకా గోరంత వెడల్పున నల్లగా కాలిన చార! హెడ్డు అడుగు చదునుగా ఉందో లేదో చూసి, అరగదీయించి, కొత్త గాస్కెట్టు వేశారు. పారేసిన థర్మోస్టాటు స్థానంలో కొత్తది పెట్టించాడు. మొదట చెప్పిన మొత్తంలో మూడో వంతు కూడా కాలేదు. కాని అనవసరంగా మార్చిన రేడియేటరు డబ్బు ఇక తిరిగిరాదు.

ఈ ఒక్కటి మరిచిపోకండి

వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎన్నడూ తీయకండి, ఎవరినీ తీయనివ్వకండి. లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా, పీడనం వల్ల మరగకుండా ఆగి ఉంటుంది. మూత తీయగానే పీడనం పడిపోతుంది. 118 డిగ్రీల నీరు ఒక లీటరు ఉంటే, అందులో ముప్పై గ్రాములకు పైగా ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. అంతేనా అనుకోకండి. ఆ కాస్త ఆవిరికీ యాభై లీటర్లకు పైగా చోటు కావాలి! అది మిగిలిన వేడినీటిని ఫిరంగిలా మొహం మీదికి చిమ్ముతుంది. ఇలా కళ్లు, చర్మం కాల్చుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇంజను పూర్తిగా చల్లారే దాకా ఆగడమే మార్గం. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించడమూ తప్పే. వేడి గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే పగిలినట్టే, లోహం కూడా ఒక్కసారిగా సంకోచించి పగలవచ్చు.

మీరు చేసి చూడండి

ఇంజను దగ్గర ప్రయోగాలు పెద్దలకు వదిలెయ్యండి. మీరు బడిలో ఇది చేయండి. ఒక గాజు కుప్పెను రంగు నీటితో మూతి దాకా నింపి, రంధ్రమున్న బిరడాలో సన్నని గాజుగొట్టం గుచ్చి బిగించండి. గొట్టంలో నీటిమట్టం ఎక్కడుందో గీత పెట్టండి. కుప్పెను వేడినీటి గిన్నెలో ఉంచండి. గొట్టంలో నీరు మొదట కొద్దిగా కిందికి దిగి, తరువాత పైకి ఎక్కుతుంది. పైకి ఎక్కడం ఎందుకో మీకు తెలుసు. మొదట దిగడం ఎందుకు? కుప్పెకూ, నీటికీ వేడి ముందుగా ఏది అందుకుంటుందో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది.

ఆ కుర్రవాడి జీపు ఇప్పుడూ ఘాట్ ఎక్కుతోంది. దాని సీటు కింద ఒక నోటుపుస్తకం ఉంటుంది. బండిలో ఏ చప్పుడు వచ్చినా అతడు ముందు రాసుకునేది "ఎప్పుడు?" అన్న మాటే. బడిలో ఉన్నప్పుడు పుస్తకం తెరవమంటే మొహం ముడుచుకున్నవాడే అతడు!